పాత కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు: ముందు పెట్టె కొలవండి, తర్వాత కార్డు వెతకండి

మొదటిసారి నా పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు కొనేముందు నెల రోజులు రివ్యూలే చదివాను. ఏ కార్డు ఏ గేమ్‌లో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కార్డు వచ్చింది. క్యాబినెట్ తెరిచి పెట్టబోతే హార్డ్ డిస్కులు ఉండే ఇనుప గూడు అడ్డం. తేడా రెండు వేళ్ల మందం. ఆ గూటికి స్క్రూలు లేవు, అంతా రివిట్లు. మదర్‌బోర్డు బయటికి తీసి, రివిట్లు డ్రిల్లుతో తొలిచి, గూడు ఊడబీకేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది. తీరా కార్డు కూర్చున్నాక చూస్తే, దానికి పెట్టాల్సిన 8 పిన్నుల వైరు నా ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాకు) లేనే లేదు.

ఆ దెబ్బతో క్రమం తిరగేశాను. ఏ కార్డు సరిపోతుందో ఆ పాత పెట్టే చెబుతుంది. లోపల కరెంటు ఎంత, చోటు ఎంత, కార్డు గుచ్చే స్లాటు ఏ తరానిది అన్న మూడూ తేలితే వందల కార్డుల్లో మూడో నాలుగో మిగులుతాయి. రివ్యూలు ఆ నాలుగింటివి చదివితే చాలు.

చాలామంది డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. గందరగోళం లేకుండా ఇక్కడ డబ్బాను క్యాబినెట్ అనీ, లోపలి చిప్పును ప్రాసెసర్ అనీ అంటాను. ఇదంతా డెస్క్‌టాప్‌ల గురించే. ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్పు దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు.

## అడుగు 1: అడ్డం పడుతున్నది కార్డేనా?

గేమ్ ఆగి ఆగి నడుస్తోందంటే చాలామంది తిట్టేది కార్డునే. తిట్టేముందు ఓ చిన్న పరీక్ష చేయండి. గేమ్‌లో ఒకచోట కదలకుండా నిలబడి సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో చూడండి. తర్వాత రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కు తగ్గించి అక్కడే మళ్లీ చూడండి. 45 ఉన్నది 70కి పోతే కార్డే అడ్డం. 45 ఉన్నది 47 దగ్గరే ఆగితే ప్రాసెసర్ చేతులెత్తేసిందని అర్థం. రిజల్యూషన్ తగ్గితే కార్డు గీయాల్సిన చుక్కలు తగ్గుతాయి. ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎవరికి తగిలింది అని ప్రాసెసర్ వేసే లెక్క మాత్రం ఏ మాత్రం తగ్గదు. అలాంటి కంప్యూటర్‌లో ఎంత గొప్ప కార్డు పెట్టినా ఆ 47 పెద్దగా కదలదు.

కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా క్షణం సేపు బిగుసుకుపోతుంటే అనుమానం హార్డ్ డిస్కు మీదో ర్యామ్ మీదో పెట్టాలి. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే ఇంకో 8 జీబీ స్టిక్ కలపడం, హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టడం చాలా పాత కంప్యూటర్లలో కార్డు కంటే ముందు చేయాల్సిన పనులు. చవక కూడా.

## అడుగు 2: లోపల ఏముందో కాగితం మీద రాసుకోండి

సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు చాలు. మొదటిది ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ వివరాలు చెబుతుంది. రెండోది ఇప్పుడున్న కార్డు సంగతి చెబుతుంది. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ (కంప్యూటర్ లేవగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) మోడ్ అన్న వరసలో లెగసీ, అంటే పాత తరహా, అని ఉందా, యూఈఎఫ్ఐ, అంటే కొత్త తరహా, అని ఉందా కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. ఎస్‌ఎంపీఎస్ గురించి ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. దానికి పక్క పలక విప్పాల్సిందే.

## అడుగు 3: ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

పాత కంప్యూటర్ల అప్‌గ్రేడ్‌లు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ఎస్‌ఎంపీఎస్ మీద పెద్దక్షరాల్లో 450 అనో 500 అనో ఉంటుంది. దాన్ని నమ్ముకోకండి. పక్కన అంటించిన లేబుల్‌లో గళ్ల పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. కార్డు, ప్రాసెసర్ రెండూ దాదాపు మొత్తం కరెంటు ఆ లైను నుంచే లాగుతాయి.

ఒక స్నేహితుడి కంప్యూటర్‌లో ఉన్న లేబుల్ ఇలా ఉంది: పైన 450 వాట్లు, +12 వోల్టుల కింద 18 ఆంపియర్లు. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్లు కలిపి చూపించిన లెక్క, కార్డుకు అక్కరకు రాదు. 12 వోల్టుల గళ్లు రెండుంటే రెండింటి ఆంపియర్లనూ కూడేయకండి. సాధారణంగా వాటి కింద రెండూ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లో విడిగా రాసి ఉంటుంది, ఆ అంకే తీసుకోండి.

ఇప్పుడు ఖర్చు వైపు లెక్క. ఉదాహరణకు 2013 నాటి కోర్ ఐ5-4570 ప్రాసెసర్ 84 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు. బోర్డు, ఫ్యాన్లు, డిస్కులకు ఓ 50 వేసుకోండి. మొత్తం 266. కార్డులు క్షణకాలం పాటు తమ లెక్క కంటే చాలా ఎక్కువ లాగుతాయి, పైగా పాత ఎస్‌ఎంపీఎస్ కొత్తలో ఇచ్చినంత ఇవ్వదు. కాబట్టి మూడో వంతు దాకా అదనం చూసుకుంటే 350 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 29 ఆంపియర్లు. మా వాడి 18 ఆంపియర్ల డబ్బా మీద ఆ కార్డు పెట్టడమంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. మామూలు పనుల్లో అంతా బాగానే ఉంటుంది. గేమ్ మొదలైన పది నిమిషాలకు కంప్యూటర్ టప్పున ఆరిపోతుంది. అప్పుడందరూ కొత్త కార్డును అనుమానిస్తారు.

ఏడెనిమిదేళ్లు రోజూ నడిచిన, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ అయితే నేను లెక్కలు కూడా వేయను. కార్డు బడ్జెట్‌లోంచి కొంత కోసి ముందు మంచి ఎస్‌ఎంపీఎస్ కొంటాను. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. చెడ్డ ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ పక్కవాటిని కూడా వెంట తీసుకుపోగలదు.

ఇక వైర్లు. కార్డుకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది: స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, మిగతాది విడి వైర్ల ద్వారా. 6 పిన్నుల వైరు 75 వాట్లు, 8 పిన్నుల వైరు 150 వాట్లు మోయడానికి ఉద్దేశించినవి. ఇప్పటి పెద్ద కార్డుల మీద కనిపించే 16 పిన్నుల సాకెట్ 600 వాట్ల దాకా వెళుతుంది, కానీ పాత కంప్యూటర్ ఉన్నవాళ్లం ఆ వైపు చూడకపోవడమే మంచిది.

ప్రాసెసర్‌కు వెళ్లే వైరు కూడా 8 పిన్నులే ఉంటుంది. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, లోపల ప్లస్, గ్రౌండ్ తారుమారు. ప్రాసెసర్ వైరు 4+4గా, కార్డు వైరు 6+2గా విడిపోతుంది, అదే గుర్తు. దూరకపోతే బలం ఉపయోగించొద్దు.

వైరు లేకపోతే హార్డ్ డిస్కులకు కరెంటిచ్చే సాటా ప్లగ్గును 6 పిన్నులుగా మార్చే అడాప్టర్ దొరుకుతుంది. దయచేసి వద్దు. సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 54 వాట్లు. అవతల 6 పిన్నుల సాకెట్ 75 అడుగుతుంది. నా చేతికొచ్చిన ఒక కంప్యూటర్‌లో ఆ ప్లగ్గు ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, పిన్ను మెత్తబడిన ప్లాస్టిక్‌లోకి పక్కకు వాలిపోయి ఉంది. పట్టుకుని లాగితే ప్లగ్గు సగమే ఊడివచ్చింది.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంపెనీ కంప్యూటర్లది ఇంకో కథ. సన్నటి క్యాబినెట్, 240 వాట్ల సొంత తరహా ఎస్‌ఎంపీఎస్, కార్డుకు వైరే ఉండదు. మదర్‌బోర్డు ప్లగ్గు కూడా చాలాసార్లు వాళ్ల సొంత ఆకారమే కాబట్టి బయట దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా అమరదు. వీటికి స్లాటు కరెంటుతోనే నడిచే కార్డులే దారి.

## అడుగు 4: టేపు పట్టుకుని కొలవడం

మూడు కొలతలు. పొడవు: వెనక స్లాటు పలక లోపలి అంచు నుంచి ముందున్న మొదటి అడ్డం వరకు. అడ్డం అంటే గూడు కావచ్చు, ముందు ఫ్యాన్ కావచ్చు, పక్కకు తన్నుకొచ్చిన సాటా వైరు తలకాయ కూడా కావచ్చు. వచ్చినదాంట్లోంచి 10 మి.మీ. తీసేసి రాసుకోండి, కార్డును కాస్త వాలుగా దించాల్సి ఉంటుంది కదా.

మందం: ఒక్కో స్లాటు దూరం 20 మి.మీ. పైచిలుకు. చాలా కార్డులు రెండు స్లాట్లు ఆక్రమిస్తాయి, కొన్ని రెండున్నర. కింద వైఫై కార్డో సౌండు కార్డో ఉంటే అది పోయినట్టే.

ఎత్తు: చాలామంది మరిచేది ఇదే. పక్క పలక మూసినప్పుడు కార్డు పై అంచుకూ పలకకూ మధ్య కరెంటు ప్లగ్గు పట్టాలి, వైరు వంగాలి. కనీసం 30 మి.మీ. ఉండాలంటాను. సన్నటి క్యాబినెట్‌కు లో ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ, కార్డే పడుతుంది. వెనక బిగించే పొట్టి పట్టీ పెట్టెలో ఇస్తున్నారో లేదో అడిగి కొనండి.

## అడుగు 5: స్లాటు తరం, లేన్ల సంఖ్య

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడవాటి స్లాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 16 లేన్లది (లేను అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం వెళ్లే దారి). ఏ తరం కార్డయినా ఏ తరం స్లాటులోనైనా కూర్చుంటుంది, రెండింటిలో తక్కువ వేగానికి సర్దుకుంటుంది. ఇక్కడితో ఆపేసే సలహాలు చాలా చదివాను. అసలు మెలిక దీని తర్వాతే ఉంది.

ఒక లేను మీద సెకనుకు 2.0 తరంలో దాదాపు 0.5 జీబీ, 3.0లో దాదాపు 1 జీబీ, 4.0లో దాదాపు 2 జీబీ వెళతాయి. తక్కువ ధర కార్డుల్లో ఇప్పుడు 16 లేన్లు ఇవ్వడం తగ్గిపోయింది. స్లాటులో దూరే భాగం పొడుగ్గానే ఉంటుంది, లోపల తీగలు ఎనిమిదికో నాలుగుకో వేస్తారు. కొత్త బోర్డులో ఆ లోటు తెలియదు. పాత బోర్డులో తెలుస్తుంది.

2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. 4.0 తరం, నాలుగే లేన్లు, 4 జీబీ మెమరీ. కొత్త బోర్డులో సెకనుకు 8 జీబీ దారి దొరుకుతుంది. 3.0 బోర్డులో అది 4 అవుతుంది, 2.0 బోర్డులో 2. కార్డు మెమరీ నిండిందంటే మిగతా బొమ్మల సరంజామా ర్యామ్ నుంచి ఈ ఇరుకు దారిలోనే రావాలి. గేమ్ అక్కడ కుంటుతుంది. పాత కంప్యూటర్ల వాళ్లకు అందుబాటు ధరలో వచ్చిన కార్డు పాత కంప్యూటర్లలోనే సరిగా నడవకపోవడం చూస్తే నాకిప్పటికీ చిరాకే.

మీ బోర్డు ఏ తరమో ఇలా పోల్చుకోండి. ఇంటెల్‌లో 2011 నాటి రెండో తరం కోర్ ప్రాసెసర్లు 2.0. 2012లో వచ్చిన మూడో తరం ఐ5, ఐ7ల నుంచి 3.0, బోర్డు కూడా ఒప్పుకుంటేనే. 4.0 వచ్చింది పదకొండో తరంతో. ఏఎండీలో ఎఫ్ఎక్స్ ప్రాసెసర్ల బోర్డులు ఎక్కువగా 2.0. రైజెన్ తొలి రెండు తరాలు 3.0. రైజెన్ 3 2200జీ, రైజెన్ 5 2400జీ లాంటి గ్రాఫిక్స్ కలిసిన చిప్పులు కార్డుకు ఎనిమిది లేన్లే ఇస్తాయి, బోర్డు ఏదైనా సరే.

నా సూత్రం: 2.0 బోర్డుకు 16 లేన్ల కార్డే. 3.0 బోర్డుకు ఎనిమిది లేన్లు చాలు, మెమరీ 8 జీబీ ఉంటే. నాలుగు లేన్ల కార్డు వీడియోలు చూడ్డానికి, ఇంకో మానిటర్ తగిలించుకోవడానికి.

## అడుగు 6: బయోస్, విండోస్, డ్రైవర్లు

పాత లెగసీ బయోస్ మాత్రమే ఉన్న బోర్డుల్లో, ముఖ్యంగా కంపెనీ కంప్యూటర్లలో, కొత్త కార్డు పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. కొనేముందు తయారీదారు సైటులో మీ మోడల్‌కు చివరి బయోస్ అప్‌డేట్ వేసుకోండి. మీ మోడల్ పేరుతో ఫలానా కార్డు నడిచిందని ఎవరైనా చెప్పారేమో వెతకండి. ఈ ఒక్క విషయంలో సాటి వాడకందార్ల అనుభవమే పెద్ద ప్రమాణం.

ఇంటెల్ ఆర్క్ కార్డులు చూస్తున్నవాళ్లు ఆగి ఇది చదవండి. వాటికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చేది) బోర్డులో ఉండాలి. లేకపోతే వేగం బాగా పడిపోతుంది. అధికారికంగా ఆర్క్ కార్డులకు ఇంటెల్ పదో తరమో, రైజెన్ 3000 వరసో, అంతకంటే కొత్త ప్రాసెసరో కావాలి. పైగా 2024 డిసెంబర్‌లో వచ్చిన ఆర్క్ బీ580 పాత ప్రాసెసర్లతో జతపడినప్పుడు బాగా వెనకబడుతోందని పరీక్షల్లో తేలింది. ధర ఊరిస్తుంది. పాత పెట్టెకు మాత్రం పొరుగింటి పుల్లకూరే.

విండోస్ 7కు ఇప్పటి కార్డుల డ్రైవర్లు (కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు) లేవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎన్‌విడియా జీటీఎక్స్ 900, 1000 వరసల కార్డులకు గేమ్‌ల కోసం కొత్త డ్రైవర్లు కూడా 2025 అక్టోబర్‌తో ఆగాయి, ఇకపై 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లే. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1060 కొనేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

## అడుగు 7: మానిటర్ వైరు

ఇప్పటి కార్డుల వెనక ఉండేవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్. మానిటర్‌కు నీలం రంగు వీజీఏ వైరే ఉంటే లోపల చిప్పు ఉన్న అడాప్టర్ కావాలి. జీటీఎక్స్ 1000 వరస నుంచే డీవీఐ సాకెట్‌లో అనలాగ్ సంకేతం తీసేశారు కాబట్టి ఉత్త పిన్నులు మార్చే పాత అడాప్టర్ పనిచేయదు.

## అడుగు 8: పిండి కొద్దీ రొట్టె

ఇప్పుడు మీ కాగితం చూసి మీ గుంపు పోల్చుకోండి.

ఎస్‌ఎంపీఎస్‌లో కార్డు వైరు లేదు, మార్చడం కుదరదు: 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 70 వాట్లు, ఎనిమిది లేన్లు. 2.0 బోర్డయితే జీటీఎక్స్ 1650, 75 వాట్లు, 4 జీబీ, 16 లేన్లు. 1650లో కొన్ని మోడళ్లకు 6 పిన్నుల సాకెట్ ఉంటుంది, ఫొటోలో పై అంచు చూసి కొనండి. గేమ్‌ల గొడవే లేకపోతే ఆర్‌ఎక్స్ 6400 53 వాట్లతో సరిపెట్టుకుంటుంది, కానీ అది కూడా నాలుగు లేన్లదే.

ఒక 8 పిన్నుల వైరు ఉంది, 12 వోల్టుల మీద 30 ఆంపియర్ల దాకా ఉంది: 3.0 బోర్డుకు నా మొదటి ఓటు ఆర్‌ఎక్స్ 6600. 132 వాట్లు, 8 జీబీ, ఎనిమిది లేన్లు. ఆర్‌టీఎక్స్ 4060 ఇంకా తక్కువగా 115 వాట్లే తీసుకుంటుంది. 2.0 బోర్డుకు 16 లేన్ల జీటీఎక్స్ 1660 సూపర్, 125 వాట్లు.

ఎస్‌ఎంపీఎస్ కొత్తది, ప్రాసెసర్ ఆరు కోర్లకు తగ్గదు: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 170 వాట్లు, 16 లేన్లు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఆ 12 జీబీ అక్కరకొస్తుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లు దీనికంటే పైకి వెళ్లడం అనవసరం, అడుగు 1లో చూసిన 47 గుర్తుందిగా.

పేర్ల మాయలో పడకండి. జీటీ 1030 అనే పేరుతోనే రెండు కార్డులున్నాయి. ఒకదాని మెమరీ జీడీడీఆర్5, సెకనుకు 48 జీబీ. ఇంకోదానిది డీడీఆర్4, 16.8 జీబీ. పెట్టె మీద పేరు ఒకటే, మెమరీ వేగం మూడో వంతు. ఆర్‌టీఎక్స్ 3050లోనూ 6 జీబీది, 8 జీబీది వేర్వేరు కార్డులు. చిన్నదానికి కోర్లు తక్కువ, మెమరీ దారీ ఇరుకే. 8 జీబీది 130 వాట్లు అడుగుతుంది.

## అడుగు 9: సెకండ్ హ్యాండ్ అయితే

కార్డు ఎదురుగా నడుస్తుంటేనే కొనండి. జీపీయూ-జెడ్ తెరవండి. పాత చిప్పులో దొంగ బయోస్ ఎక్కించి జీటీఎక్స్ 1050 టీఐ పేరుతో అమ్మిన కార్డులు చాలా తిరిగాయి. అలాంటివాటిని ఆ ప్రోగ్రామ్ చాలావరకు పసిగట్టి పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. తర్వాత పావుగంట బరువైన పరీక్ష నడపండి. తెర మీద రంగు చుక్కలు, గళ్లు వస్తే మాట్లాడకుండా లేచి వచ్చేయండి. ఫ్యాన్ గరగరలాడటం, చిప్పు వేడిని బయటికి పంపే పేస్టు ఎండి వేడెక్కడం మాత్రం బాగుచేసుకోదగ్గవే, బేరమాడటానికి పనికొస్తాయి.

## అడుగు 10: బిగించడం

పాత డ్రైవర్‌ను డీడీయూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తుడిచేయండి. కంప్యూటర్ ఆపి, గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి పని మొదలుపెట్టండి. స్లాటు చివర చిన్న గొళ్లెం ఉంటుంది. పాత కార్డు తీసేటప్పుడు దాన్ని వెనక్కి నొక్కాలి, కొత్తది పెట్టేటప్పుడు అది టిక్కుమనాలి. ముందు స్లాటులో పూర్తిగా దించి, ఆ తర్వాతే వెనక స్క్రూలు బిగించండి. స్క్రూ లాగిన వైపుకు కార్డు వంగి ఇవతలి అంచు పైకి లేవడం తరచూ జరిగేదే.

కార్డు వైరు మరిచిపోకండి. మానిటర్ వైరు కార్డు వెనకే పెట్టండి. అలవాటుగా మదర్‌బోర్డు సాకెట్‌లోనే గుచ్చి, కొత్త కార్డు పనిచేయడం లేదని నాకు ఫోన్ చేసినవాళ్లు ఒకరిద్దరు కాదు.

డ్రైవర్ వేశాక జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అన్న వరస చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారు పడొద్దు, కార్డు కరెంటు పొదుపు కోసం వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కితే చిన్న పరీక్ష నడిచి అసలు అంకె బయటపడుతుంది. 16 లేన్ల కార్డును 16 లేన్ల స్లాటులో పెట్టాక కూడా 8 అనో 4 అనో వస్తే కార్డు సరిగా కూర్చోలేదు, లేదా స్లాటులో దుమ్ముంది. ఆపి, తీసి, ఊది, మళ్లీ టిక్కుమనేదాకా నొక్కండి.